మన బడి పూర్వ విద్యార్థుల సంఘం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో జరిగే సర్వసభ్య సమావేశంలో పెట్టడానికి ఈ నివేదిక రాస్తున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే, అందుకే ఈ ఏడాది ఏం పని జరిగింది, ఎవరు చేశారు అన్నదే చెప్తాను. కొంచెం పొడుగైంది, అయినా చివరిదాకా చదవండి. పేర్లన్నీ స్టేజీ మీద చదివి శాలువాలు కప్పుతాం కాబట్టి ఇక్కడ పేర్లు పెట్టట్లేదు.

ముందు కృతజ్ఞతలు. మన హెచ్ఎం మేడమ్ గారు తాళాలు మన చేతికిచ్చి "బడి మీది, చేస్కోండి" అన్నారు, ఆ ఒక్క మాట లేకపోతే ఈ ఏడాది ఏదీ జరిగేది కాదు. ఫిజిక్స్ సార్, మ్యాథ్స్ మేడమ్, బయాలజీ మేడమ్ శనివారాలు బడి అయ్యాక కూడా కూర్చున్నారు. హన్మకొండ నుంచి బస్సెక్కి వచ్చిన డిగ్రీ కాలేజీ పిల్లలు, వైరింగ్ చేసి కూలీ తీసుకోని మన 2006 బ్యాచ్ ఎలక్ట్రీషియన్ తమ్ముడు, మధ్యాహ్న భోజనం వండే అక్కలు, కోతులు కేబుళ్లు పీకకుండా కాపలా కాసిన వాచ్‌మన్ అన్న, వీళ్లందరికీ సంఘం తరఫున పేరుపేరునా ధన్యవాదాలు. దుబాయ్ నుంచి, డల్లాస్ నుంచి డబ్బు పంపిన సభ్యులకి కూడా.

ఇక పని సంగతి. మన బడికి ప్రభుత్వం ఇచ్చిన పెద్ద టచ్ ప్యానెల్ పోయిన ఏడాది ఎక్కువ రోజులు బట్ట కప్పుకునే ఉంది. అది సార్ల తప్పు కాదు. కరెంటు పోతే క్లాసు ఆగిపోద్ది, నెట్ సిగ్నల్ ఒక్క కిటికీ దగ్గరే వస్తది, ఏ వీడియో పెట్టాలో వెతుక్కునేసరికి సగం పీరియడ్ అయిపోతది. అందుకే ఈసారి మనం కొత్త మెషీన్లు ఏవీ కొనలేదు, ఉన్నది నడిచేలా చేయడం మీదే దృష్టి పెట్టాం. ఒక ఇన్వర్టర్, మంచి బ్యాటరీలు, ఒక రౌటర్, ఒక సభ్యుడి ఆఫీసు వాళ్లు తీసేసిన పాత ల్యాప్‌టాప్, అంతే. ఆ ల్యాప్‌టాప్‌లో కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాం. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, రౌటర్ ఆన్ చేస్తే చాలు క్లాసులో ఉన్న ఫోన్లకి, ట్యాబ్‌లకి పాఠాలు, అభ్యాసాలు అందులోంచే వస్తాయి. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి చూసుకునే ప్రయోగాలు, కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టాం. నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ గారు 2002లో మొదలుపెట్టిన పని అది, మొత్తం ఉచితం, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. టెక్స్ట్‌బుక్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే దీక్ష (ప్రభుత్వ పాఠాల యాప్) వీడియోల్లో సార్లకి పనికొచ్చేవి మాత్రం ముందే దింపి చాప్టర్ వారీగా ఫోల్డర్లు చేసింది కాలేజీ పిల్లలే, ఎండాకాలం సెలవులన్నీ దానికే పోయాయి.

కానీ అసలు మార్పు మెషీన్ వల్ల రాలేదు, సార్లతో కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం కదా, దానివల్ల వచ్చింది. ముందు చేత్తో చేయాలి, తర్వాతే తెర. టెన్త్‌లో విద్యుత్ పాఠం ముందు పిల్లలకి టార్చి సెల్లు, వైరు ముక్కలు, చిన్న బల్బులు ఇచ్చేశాం, రెండు బల్బులు వరసగా కలిపితే వెలుగు ఎందుకు తగ్గింది, పక్కపక్కన కలిపితే ఎందుకు తగ్గలేదు అని వాళ్లే కొట్లాడుకున్నారు, ఆ తర్వాత ప్యానెల్ మీద అదే సర్క్యూట్ గీసి ఓల్టేజీ మారుస్తుంటే కరెంటు ఎట్లా మారుతుందో చూశారు. ముందే తెర చూపిస్తే అది సినిమా అయిపోతది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబుతో త్రిభుజాలు, ఘనాలు చేయడం, పారేసే సామాన్లతో సైన్స్ బొమ్మలు చేసి చూపించే అరవింద్ గుప్తా గారి వీడియోల నుంచి నేర్చుకున్నాం. త్రిభుజం ఎంత నొక్కినా వంగదు, చతురస్రం వంగుతుంది, సెల్ టవర్ల నిండా త్రిభుజాలే ఎందుకుంటాయో ఎనిమిదో తరగతి పిల్ల చెప్పింది, ఎవరూ చెప్పించలేదు. బతుకమ్మ సెలవులకి ముందు బయాలజీ మేడమ్ తంగేడు, గునుగు, బంతి పూలు తెప్పించి ఫోన్ కెమెరాకి చిన్న లెన్స్ పెట్టి ప్యానెల్ మీద చూపించారు, మనం ఒక్క పువ్వు అనుకునే బంతి నిజానికి బోలెడు చిన్న పూల గుంపు అని తెలిసినప్పుడు పిల్లలు రేకులు పీకి పీకి లెక్కపెట్టారు.

కొంతమంది సభ్యులు గ్రూపులో "పిల్లలకి ఇప్పటికే ఫోన్ పిచ్చి, బడిలో కూడా అదేనా" అని రాశారు. దానికి నా జవాబు ఇది. పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ అనే సర్వే 2024లో చెప్పిన ప్రకారం మన దేశంలో పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో, సర్వేకి ముందు వారంలో సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం, చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం. ఫోన్ ఎట్లాగూ వాళ్ల చేతిలో ఉంది. దాంతో ఏం కొలవొచ్చు, ఏం వెతకొచ్చు అనేది బడి చూపించకపోతే ఇంకెవరు చూపిస్తారు?

ఇప్పుడు ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు గురించి. ఆగస్టు 1, శుక్రవారం, నీడ లేని రోజు. కర్కట రేఖకి, మకర రేఖకి మధ్య ఉన్న ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఢిల్లీ పిల్లలకి ఇది ఎప్పటికీ దొరకదు, వాళ్ల ఊరు కర్కట రేఖకి పైన ఉంది. వరంగల్ అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు కాబట్టి మనకి ఒకటి మే రెండో వారంలో వస్తది, అప్పుడు సెలవులు, రెండోది ఆగస్టు 1 ప్రాంతంలో, బడి నడుస్తుంటది. తిరుపతిలో టీచర్‌గా చేస్తున్న మన 1998 బ్యాచ్ సభ్యురాలికి ఫోన్ చేశాం, ఎందుకంటే తిరుపతి, వరంగల్ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, ఒకటి 79.4, ఇంకొకటి 79.6, అంటే తిరుపతి మనకి దాదాపు నేరుగా దక్షిణాన ఉంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఎరటోస్తనీస్ రెండు ఊళ్ల నీడలతో భూమి చుట్టుకొలత లెక్కగట్టాడని పుస్తకంలో చదువుకుంటాం కదా, అది మన పిల్లలు, తిరుపతి పిల్లలు కలిసి వీడియో కాల్‌లో చేయాలని ప్లాన్.

జూలై అంతా తయారీయే. రెండు బడుల్లోనూ మీటరు పొడుగు పీవీసీ పైపు, అది నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలు గోడకి పట్టే గుండు దారం. సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం 12కి కాకుండా 12 గంటల 18 నిమిషాలకి ఎందుకు అని పిల్లలు అడిగారు, ఆ ప్రశ్న మీదే ఒక క్లాసు నడిచింది. మన గడియారం టైమ్ 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర నుంచి పోతుంది, మనం దానికి దాదాపు మూడు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన పన్నెండు నిమిషాలు ఆలస్యం, మిగతా ఆరు నిమిషాలు భూమి వాలు వల్ల, దాని కక్ష్య పూర్తి గుండ్రంగా లేకపోవడం వల్ల. ఆకాశాన్ని తెర మీద చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో ఆ రోజు సూర్యుడి దారిని ప్యానెల్ మీద ముందే నడిపించి చూశారు.

ఆ రోజు పొద్దున్నుంచి మబ్బే. పదకొండున్నరకి సన్నగా తుంపర కూడా పడింది, పిల్లల ముఖాలు చూడలేకపోయాం. వంట అక్కలు అన్నం దించి కూడా గంట కొట్టనివ్వలేదు, "చూస్కోని రండి బిడ్డా, అన్నం యాడికి పోదు" అన్నారు. 12 దాటాక మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. పైపు నీడ చిన్నగా, చిన్నగా, ఇంకా చిన్నగా అయ్యి పైపు కిందికే వెళ్లిపోయింది. గ్లాసు నీడ లేదు, బిందె నీడ లేదు, వాలీబాల్ స్తంభం నీడ లేదు. ఆరో తరగతి పోరడు "సార్ నీడ యాడికి పోయింది" అని స్తంభం చుట్టూ తిరిగాడు. అదే నిమిషంలో తిరుపతి వైపు నుంచి ఫోన్‌లో అరుపు, వాళ్ల మీటరు పైపుకి ఏడున్నర సెంటీమీటర్ల నీడ, అదీ దక్షిణం వైపు! మామూలుగా మధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు పడటమే చూసిన పిల్లలకి అది నమ్మబుద్ధి కాలేదు, దిక్సూచి రెండుసార్లు పెట్టి చూశారు. సూర్యుడు మా నెత్తిన ఉన్నాడంటే వాళ్లకి ఉత్తరాన ఉన్నట్టే కదా అని మన పిల్లలే ఫోన్‌లో వాళ్లకి చెప్పారు.

లెక్క టెన్త్ వాళ్లు చేశారు. తిరుపతి నీడ ఏడున్నరని పైపు పొడుగు వందతో భాగించి ట్యాన్ విలోమం తీస్తే కోణం 4.3 డిగ్రీలు, అంటే భూమి చుట్టూ ఉన్న 360 డిగ్రీల్లో రెండు ఊళ్ల మధ్య ఉన్నది అంత. రెండు ఊళ్ల మధ్య దూరం దగ్గర ఒక గ్రూపు మ్యాప్‌లో రోడ్డు దూరం తీసుకుంది, చుట్టుకొలత చాలా పెద్దగా వచ్చింది, రోడ్డు వంకర్లు తిరుగుతుంది కదా అని వాళ్లే పట్టుకుని గూగుల్ ఎర్త్‌లో నేరుగా గీత గీసి కొలిచారు, దాదాపు 480 కిలోమీటర్లు. 360ని 4.3తో భాగించి 480తో గుణిస్తే 40,186. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత దాదాపు 40,008 కిలోమీటర్లు. పీవీసీ పైపుతో, స్కేలుతో మన జిల్లా పరిషత్ బడి పిల్లలు భూమిని కొలిచారు. మ్యాథ్స్ మేడమ్ ఆ అంకెని బోర్డు మీద వారం దాకా చెరపనివ్వలేదు. సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణానికి కూడా ముందే బంతి, టార్చి పెట్టి పాఠం చెప్పాం, ఇంట్లో పెద్దవాళ్లకి పిల్లలే వివరించారని తల్లిదండ్రులు చెప్పారు.

కష్టమైన మాటలు కూడా చెప్పాలి. నవంబర్‌లో ప్యానెల్ టచ్ పనిచేయడం ఆగిపోయింది. వారంటీ ఉంది, ఫిర్యాదు ఇచ్చాం, నంబర్ ఇచ్చారు. తర్వాత ఫోన్ చేస్తే ఇంకో ఆఫీసుకి వెళ్లమన్నారు, అక్కడికి వెళ్తే మొదటి ఆఫీసుకే వెళ్లమన్నారు. ఈ నివేదిక రాసే రోజుకి కూడా ఎవరూ వచ్చి చూడలేదు, మౌస్ తగిలించి నడుపుతున్నాం. ఒక్క టెక్నీషియన్ ఒక్క గంట వస్తే అయిపోయే పనికి పిల్లలు రెండు నెలలు ఎదురుచూడటం అన్యాయం. మెషీన్లు పంచేటప్పుడు ఫోటోలకి వచ్చినవాళ్లు రిపేరుకి కూడా రావాలి.

రెండోది మనవాళ్ల గురించి. శనివారం వాలంటీర్ల లిస్టులో జూన్‌లో పేరు ఇచ్చినవాళ్లలో సగానికి పైగా ఒక్కసారి కూడా బడి గేటు లోపలికి రాలేదు. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, దవాఖానలు అందరికీ ఉంటాయి, నాకు తెలుసు. కానీ రాలేమని ముందు రోజు ఒక మెసేజ్ పెడితే ఇంకొకరిని చూసుకునేవాళ్లం. పిల్లలు బొమ్మల సామాన్లు ముందు పెట్టుకుని కూర్చున్నాక ఎవరూ రాకపోతే ఆ రోజు క్లాసు మొత్తం ఒక్క కాలేజీ అమ్మాయి మీద పడింది, ఇట్లా చాలాసార్లు జరిగింది. ఆగస్టు 1 ఫోటోలకి గ్రూపులో చప్పట్ల బొమ్మలు లెక్కలేనన్ని వచ్చాయి, మంచిదే, కానీ ఆ తర్వాతి శనివారం వచ్చింది ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే.

లెక్కలు: జమాఖర్చుల షీటు ట్రెజరర్ గారు సమావేశంలో పంచుతారు, ఆడిట్ అయ్యింది, రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి. ఖర్చులో పెద్ద భాగం ఇన్వర్టర్, బ్యాటరీలకే. మిగులు వచ్చే ఏడాదికి మార్చాం.

వచ్చే ఏడాదికి కమిటీ మూడు తీర్మానాలు పెడుతోంది. మిగిలిన క్లాస్‌రూమ్‌లకి కూడా ఇన్వర్టర్ లైను వేయడం. ఆగస్టు నీడ కొలత కోసం తిరుపతితో పాటు ఉత్తరాన అదే రేఖాంశం దగ్గర ఉన్న ఇంకో బడిని కలపడం (నాగ్‌పూర్ వైపు మన సభ్యులు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, అది 79.1 దగ్గర ఉంది, బాగా కుదురుతుంది). మూడోది, వాలంటీర్‌గా పేరు ఇచ్చేవాళ్లు ఏయే శనివారాలు వస్తారో తేదీలతో సహా రాసి సంతకం పెట్టడం. దీని మీద కొందరికి అభ్యంతరం ఉందని విన్నాను, సమావేశంలో లేచి మాట్లాడండి, ఓటు పెడదాం.

సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్లు ఆ రోజే ట్రెజరర్ గారికి కట్టేయండి. భోజనాలు ఉన్నాయి, ఎంతమంది వస్తారో ముందే గ్రూపులో రాయండి, అక్కలకి బియ్యం లెక్క చెప్పాలి.

ఇట్లు,
కార్యదర్శి