గేటు నుంచి కాదు, గోడ నుంచి కొలిపించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. బడులు తెరిచేలోపు ప్రతి బడి చుట్టూ 100 గజాల హద్దు మళ్లీ కొలిపించమని కోరుతున్నాం.

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) ఆరో సెక్షన్ ప్రకారం ఆ హద్దులో సిగరెట్, బీడీ, ఖైనీ ఏవీ అమ్మకూడదు. కానీ చాలాచోట్ల గేటు దగ్గర టేపు పట్టి రోడ్డు వెంట కొలుస్తున్నారు. తప్పంతా అక్కడే జరుగుతోంది. నిబంధన చెప్పేది ప్రహరీ బయటి అంచు నుంచి, నలుదిక్కులా, సూటిగా కొలవమని. 100 గజాలంటే సుమారు 91 మీటర్లు. గేటు నుంచి కొలిస్తే బడి వెనక సందులో గోడకు ఆనుకున్న కిళ్లీ కొట్టు తప్పించుకుంటుంది. ఇంటర్వెల్‌లో పిల్లలు చేరేది దాని దగ్గరికే. కొలిచాక రోడ్డు మీద పసుపు గీత గీయించండి.

2019 జాతీయ సర్వేలో 13-15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. పిల్లలు పెట్టె కొనరు, లూజు సిగరెట్ ఒకటి కొంటారు. పెట్టె మీద 85 శాతం మేర ఉండే హెచ్చరిక బొమ్మ వాళ్ల కంట పడదు. గుట్కాపై నిషేధం ఉంది కాబట్టి పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లంగా అమ్ముతారు. రెండూ చించి అరచేతిలో కలిపి బుగ్గన పెట్టుకుంటే పొగ రాదు, వాసనొస్తే సోంపు అంటారు.

పాన్ మసాలాలో ఉండే వక్క వల్ల బుగ్గలు లోపల బిగుసుకుపోతాయి. బడికొచ్చే ఆరోగ్య బృందం ఎత్తు, బరువు చూసేటప్పుడే పిల్లల చేత నోరు తెరిపించాలి. వాళ్ల మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టకపోతే దంతవైద్యుడికి చూపించాలి. అర నిమిషం పని.

కోట్పా కింద జరిమానా రూ.200 వరకే. అందుకే కొట్టువాళ్లకు లెక్కలేదు. బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. చిన్న కొట్టుతో బతికేవాళ్లను మొదటిసారే జైలుకు పంపమనడం లేదు. మొదట రాతపూర్వక నోటీసు ఇవ్వండి, మళ్లీ అమ్మితే 77 కింద కేసు పెట్టించండి.

దొరికిన పిల్లవాడికి టీసీ ఇచ్చి పంపడం మాత్రం దయచేసి ఆపించండి. మానిన మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, పాఠం మీద మనసు నిలవకపోవడం ఉంటాయి. అప్పుడు బడికి దూరమైతే వాడు మళ్లీ ఆ కొట్టుకే వెళతాడు. పొగాకు మాన్పించే ఉచిత ఫోన్ సేవ నంబరు 1800-11-2356ను ప్రతి తరగతి గోడ మీద రాయించండి.

ఇట్లు,
పిల్లల్లో పొగాకు నివారణకు పనిచేస్తున్న ఉపాధ్యాయులు, దంతవైద్యులు