కూతురికి సూది వేసే రోజే తల్లికి టెస్ట్ కూడా చెయ్యండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పలాస దగ్గర ఒక ఊరు. పేపర్లో ఆరోగ్యం పేజీ వచ్చిన రోజు మా జీడి ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నాలయ్యేక నేనే పైకి చదువుతాను, మిగతావాళ్లు పప్పు వలుస్తూ వింటారు. ఈమధ్య గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, అంటే గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్ గురించి చదివితే ఒకావిడ "అదెక్కడుంటాదే" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మిగతావాళ్లకీ తెలీదు. దాని గుర్తుల్ని తెల్లబట్ట అని రాసుంటే, ముట్లాగిపోయేక మళ్లీ రక్తం కనపడితే అని రాసుంటే, మొగుడితో కలిసేక రక్తం పడితే అని రాసుంటే అందరూ చేతుల్లో పని ఆపి వినుండేవారు. అందుకే ఈ జబ్బు గురించి, దాని టెస్ట్ గురించి, ఆడపిల్లలకి వేసే సూది గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అప్ప (అక్క) కూడా అదే ఫ్యాక్టరీలో చేసేది, జీడి పిక్కల రసానికి చేతివేళ్లు నల్లగా పెచ్చులు లేచిపోయి ఉండేవి, దానికి మాత్రం కొబ్బరినూనె రాసుకునేది. తెల్లబట్ట మొదలైన రెండేళ్లకి గానీ నాకు చెప్పలేదు, చెప్పినప్పుడు కూడా "ఆడోలకి ఉండీదే కదే, ఏటి దానికి డాక్టర్లు" అంది. చీకటి పడ్డాక బోరు దగ్గర గుడ్డలు ఉతికి, ఎవరికీ కనపడకుండా చీర కింద ఆరేసేది. ముందు ఊళ్లో ఆర్ఎంపీ బిళ్లలిచ్చేడు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది, తర్వాత నెల మధ్యలో రక్తం పడ్డం మొదలైతే టౌన్లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లేము, అక్కడ స్కాన్ తీసి "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంక సంచితో పనేముంది, తీసేద్దాం" అన్నారు. డ్వాక్రా అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించేము. అంతకుముందు ఎవరూ పరికరం పెట్టి గర్భసంచి మూతి చూడలేదు. కోసి తీసిన ముక్కని టెస్టుకి పంపేరా అని అడగాలని మాకు తెలీదు. ఏడాది తిరక్కుండా నడుంనొప్పితో కూర్చోలేని స్థితి వస్తే విశాఖపట్నం తీసుకెళ్లేము, అక్కడి డాక్టరమ్మ మా ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ ఒక్కొక్కటీ తిప్పి "బయాప్సీ రిపోర్ట్ ఏదమ్మా" అని అడిగింది, లేదు. ఆపరేషన్ నాటికే క్యాన్సర్ ఉంది, అది చూసుకోకుండా మామూలు గర్భసంచి ఆపరేషన్ చేసేశారు, అలా చేస్తే జబ్బు ఇంకా ముదురుతుందని అక్కడ తెలిసింది. కరెంటు (రేడియేషన్) పెట్టించేము. ఆరు నెలలు ఉంది. 46 ఏళ్లు.

తర్వాత నేను ఒక్కో విషయం కనుక్కున్నాను, అడిగిన వాళ్లని మళ్లీ అడిగి. ఈ క్యాన్సర్ దాదాపు ప్రతి కేసులోనూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది, ఈ సంగతి కనిపెట్టిన హరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ డాక్టరుకి 2008లో నోబెల్ ఇచ్చారు. కలయిక వల్ల అంటుకుంటుంది. ఇక్కడే మనవాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు కాబట్టి గట్టిగా చెప్తున్నా, ఈ వైరస్ ఉందంటే ఆ మనిషి నడత చెడ్డదని కాదు, పెళ్లయిన వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలే వైరస్ ఇది, మగవాళ్లకీ ఉంటుంది, వాళ్లకి మామూలుగా ఏ సూచనా కనపడదు. చెన్నై, హైదరాబాద్, వేరావల్ ఎక్కడికి వలస వెళ్లొచ్చినా, ఊళ్లోనే ఉన్నా ఒకటే. చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది, కొందరిలో మాత్రం ఉండిపోయి పదిహేను ఇరవై ఏళ్లకి క్యాన్సర్ అవుతుంది. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లకి ఈ ముప్పు ఆరు రెట్లు, కాబట్టి హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లకి వచ్చే వాళ్లకి అక్కడే ఈ క్యాన్సర్ టెస్ట్ కూడా చేసి పంపాలి.

పదిహేను ఇరవై ఏళ్లు, సంపాదకులు గారూ! అన్నేళ్లలో ఒక్కసారి ఎవరైనా చూసుంటే మా అప్ప ఉండేది. ఒక్కసారి చాలని నేను ఊరికే అనట్లేదు, మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లాలో పల్లెటూరి ఆడవాళ్లు 1.31 లక్షల మందితో చేసిన పరిశోధన 2009లో వచ్చింది, జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ టెస్ట్ చేస్తేనే ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గేయి. ముంబైలో టాటా ఆస్పత్రి వాళ్లు మురికివాడల్లో వెనిగర్ లాంటి మందు దూదితో రాసి తెల్లమచ్చ కనపడుతుందా అని చూసే టెస్టుతోనే చావులు 31 శాతం తగ్గించేరు, ఆ టెస్ట్ చేసింది కూడా పెద్ద డాక్టర్లు కాదు, ట్రైనింగ్ ఇచ్చిన మామూలు ఆడవాళ్లే. మచ్చ క్యాన్సర్ కాకముందే దొరికితే వేడి తగిలించి అక్కడికక్కడే తీసేస్తారు, కొన్ని నిమిషాల పని, సంచి తియ్యక్కర్లేదు. సిగ్గుపడేవాళ్లు ఆ వైరస్ టెస్టుకి తామే దూది పుల్లతో శాంపిల్ తీసి ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. ఇంత తెలిసీ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఈ టెస్ట్ చేయించుకున్నామన్న ఆడవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. మరి గర్భసంచి ఆపరేషన్లలో మాత్రం మన రాష్ట్రం దేశంలోనే ముందు వరసలో ఉంది. 2022లో ఈ జబ్బు మన దేశంలో 1.27 లక్షల మందికి కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేల మంది పోయారని లెక్క.

ఇప్పుడు సూది సంగతి, అంటే ఈ వైరస్ తగలకుండా ఆడపిల్లలకి ముందే వేసే టీకా. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు వల్ల పరిశోధన చేసేవాళ్లు ఎంతమంది వచ్చి ఎన్నిసార్లు రక్తాలు పట్టుకెళ్లేరో, ఏం తేలిందో మళ్లీ వచ్చి చెప్పినవాళ్లు తక్కువ, అందుకే సూది అంటే మావాళ్లకి అనుమానం. పైగా ఖమ్మం కథ ఇంకా ఎవరూ మర్చిపోలేదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో భద్రాచలం వైపు హాస్టల్ పిల్లలకి ఇదే టీకా వేసేరు, తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వార్డెన్లు పెట్టేసేరు, అక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోతే 2010లో ఆపేసేరు. ఆ చావులకి టీకా కారణం అయ్యే అవకాశం లేదని విచారణలో తేల్చేరు, కానీ అడక్కుండా వేసిన తప్పు తప్పే, పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగానే రాసింది. నమ్మకం పోతే తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో చూస్తూనే ఉన్నాం కదా.

అయితే అదే సమయంలో హైదరాబాద్ దగ్గర, దేశంలో ఇంకొన్ని చోట్ల రెండు డోసులా మూడు డోసులా అని వేరే పరిశోధన నడుస్తోంది, దాన్నీ మధ్యలో ఆపేసేరు, దాంతో నాలుగు వేలకి పైగా ఆడపిల్లలకి ఒక్క డోసే పడింది. వాళ్లని డాక్టర్లు వదల్లేదు, పదేళ్లు వెంట ఉండి చూస్తే ఈ క్యాన్సర్ ఎక్కువగా తెచ్చే రెండు రకాల వైరస్ ఒంట్లో ఉండిపోకుండా ఆ ఒక్క డోసే 95 శాతం కాపాడుతోందని 2021లో తేలింది, 2022 డిసెంబర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా సరిపోతుందంది. మన దేశపు ఆడపిల్లల వల్లే ప్రపంచానికి ఇది తెలిసింది, వాళ్లకి దండం పెట్టాలి. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకి పూర్తిగా టీకా వేయించుకున్న పిల్లల్లో ఈ క్యాన్సర్ ఒక్కరికీ రాలేదని 2024లో చెప్పేరు. పుణేలో సీరం వాళ్లు సర్వావ్యాక్ పేరుతో మన దేశంలోనే తయారు చేస్తున్నారు.

కానీ ఈ టీకా ఇప్పటికే ఉన్న వైరస్‌ని పోగొట్టదు. అంటే కూతురికి సూది, తల్లికి టెస్ట్, రెండూ కావాలి. స్కూల్లో సూది వేసేటప్పుడు సంతకం తల్లినే పిలిచి పెట్టించాలి, ఇది దేనికి, ఎలా వస్తుంది అని ఏఎన్ఎమ్మమ్మ వాడుక మాటల్లో చెప్పాలి, ఎలాగూ వస్తుంది కాబట్టి ముప్పై దాటిన తల్లికి పక్క గదిలో ఆ వెనిగర్ టెస్టో, తనే శాంపిల్ తీసుకునే టెస్టో అదేరోజు చెయ్యాలి, గదికి తలుపు, గడియ ఉండాలి. ఇంకోరోజు రమ్మంటే రాదు, ఫ్యాక్టరీలో రోజుకూలీ పోతుంది. గర్భసంచి తీసే ప్రతి ఆస్పత్రీ ముందు ఈ టెస్ట్ చెయ్యాలి, తర్వాత బయాప్సీ రిపోర్ట్ చేతికివ్వాలి, ఇది జిల్లా వైద్యాధికారులు తనిఖీ చెయ్యాలి. మీరు కూడా పేపర్లో తెల్లబట్ట అనే మాట రాయండి, మేం ఏమీ అనుకోం.

అప్ప కూతురికి 13 ఏళ్లు, మా ఇంట్లోనే ఉంటోంది. సూదికి సంతకం నేనే పెడతాను, ఆరోజు టెస్టుకి కూడా కూర్చుంటాను, ఫ్యాక్టరీ నుంచి నాతో పాటు వస్తామని ఇప్పటికి 11 మంది పేర్లు ఇచ్చేరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పలాస మండలం, శ్రీకాకుళం జిల్లా