ర్యాప్ పాడైపోయిందనే ముందు

చిరంజీవి కార్తీక్‌కి,

అమ్మ ఆశీస్సులు. తొంభైల తర్వాత హిప్‌హాప్ చచ్చిపోయిందని, ఇప్పుడంతా గొణుగుడేనని రాశావు. నేను ఒప్పుకోను నాన్నా. రెండు విషయాల్లో మాత్రం నీతో కలుస్తాను, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఎందులో వింటున్నావో చూసుకో. ఇప్పటి ట్రాప్ (ర్యాప్‌లో ఒక రకం) పాటకి వెన్నెముక 808 బేస్. 1980లో రోలండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్ కిక్ (పెద్ద డ్రమ్) శబ్దాన్ని సాగదీసి, పాట శ్రుతికి కలిపి, బేస్ గిటార్ చేసే పని దానితో చేయిస్తారు. దాని అసలు స్వరం చాలాసార్లు 40-60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. హైహ్యాట్ అనే చిన్న తాళాల చిటపట, గొంతు మాత్రమే మిగులుతాయి, పాట డొల్లగా అనిపిస్తుంది. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకో. 808ని శ్రుతి చెయ్యకుండా వదిలేసిన పాటలూ బోలెడున్నాయి. బేస్ ఒక దారి, పైన కీబోర్డ్ ఒక దారి పోతుంటాయి. అవి నిజంగానే చెత్త. కానీ ఆ తేడా తెలియాలన్నా బేస్ వినపడాలి కదా.

ఇక గొణుగుడు సంగతి. చేత్తో తాళం వేసి లెక్కపెట్టు. పాత బూమ్ బాప్ శైలి పాట నిమిషానికి 90 బీట్ల (తాళం దెబ్బల) చుట్టూ నడుస్తుంది, నాలుగు బీట్లలో స్నేర్ డ్రమ్ 2, 4 మీద పడుతుంది. ఒక్కో బీట్‌కి 'తకధిమి' నింపితే సెకనుకి 6 అక్షరాలు. మిగోస్ అనే ర్యాప్ బృందం 2013లో ఊరూరా మోగించిన నడక 'తకిట', మన మృదంగం వాళ్ళు తిశ్రం అనేదే. 140 వేగంలో బీట్‌కి మూడు చొప్పున సెకనుకి 7. అక్షరాలు తగ్గలేదు, నడక మారింది. పైగా అది కొత్త తరం సొత్తు కూడా కాదు. మెంఫిస్‌లో త్రీ సిక్స్ మాఫియా బృందం నువ్వు మెచ్చుకునే తొంభైల్లోనే ఆ నడక నడిచింది. తిశ్రంతో వచ్చే చిక్కు వేరు: ఊనిక ప్రతిసారీ 'త' మీదే పడితే ఎనిమిది బార్లలో (బార్ అంటే నాలుగు బీట్లు) విసుగొస్తుంది. చెయ్యి తిరిగినవాడు మధ్యలో తకధిమికి మారి, మళ్ళీ వెనక్కి వస్తాడు. నువ్వు చూడాల్సింది ఆ మలుపు.

ప్రాసకీ ఒక పరీక్ష ఉంది. పదహారు బార్ల వర్స్ (చరణం) కాగితం మీద రాసుకో, ఒకే అచ్చుతో మోగే మాటలకి ఒకే రంగు గీత పెట్టు. ఎనభైల మొదట్లోని పాటల్లో గీతలు ఎక్కువగా కుడి అంచునే పడతాయి, మన అంత్యప్రాసలాగా. 1987 నాటి ర్యాపర్ రకీమ్ వర్స్ తీసుకుంటే గీతలు పాదం మధ్యలోకి వచ్చేస్తాయి, వాక్యం బార్ దాటి పక్క బార్‌లో ముగుస్తుంది. ఆ తర్వాత ఈ తరం ర్యాపర్ కెండ్రిక్ లామార్ వర్స్ ఒకటి గీసి చూడు. అతని 2017 ఆల్బమ్‌కి మరుసటి ఏడు పులిట్జర్ సంగీత బహుమతి వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా ఇంకొక సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. కాగితం మీద రంగులు చూశాక కూడా పడిపోయిందంటావేమో చూద్దాం.

రాళ్ళు ఏరేసిన పాత బియ్యాన్ని, ఇప్పుడే బస్తా విప్పిన కొత్త బియ్యంతో పోలుస్తున్నావు నువ్వు. 1990లో పబ్లిక్ ఎనిమీ గొప్ప ఆల్బమ్ వచ్చింది, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ మొదటి ఆల్బమూ వచ్చింది. అదే ఏడు అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరిన తొలి హిప్‌హాప్ పాట మాత్రం వెనిలా ఐస్‌ది. అలాంటి రాళ్ళు నీకు గుర్తుండవు.

ఇప్పుడు నీతో కలిసే చోటు. శాంపిళ్ళు, అంటే పాత రికార్డుల ముక్కలు, పొరలు పొరలుగా పేర్చే విద్య నిజంగానే సన్నగిల్లింది. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 యంత్రంలో మొత్తం శాంపిల్ జాగా 10 సెకన్లు. చాలదు కాబట్టి నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45 వేగంలో తిప్పి ఎక్కించి, యంత్రంలో మళ్ళీ శ్రుతి దించేవారు. ఆ 12-బిట్ యంత్రం శబ్దంలోని గరుకుదనం అలా పుట్టిందే. ఒకడి డ్రమ్, ఇంకొకడి బాకా, మూడోవాడి కేక కలిపి కొత్త పాట కట్టేవారు. 1991 డిసెంబర్‌లో, అనుమతి లేకుండా పాట ముక్క వాడిన ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో న్యాయమూర్తి 'దొంగిలించకూడదు' అన్న బైబిల్ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టాడు. ఆ తర్వాత ప్రతి ముక్కకీ రెండు అనుమతులు తప్పలేదు: రికార్డింగ్ హక్కుదారు దగ్గర ఒకటి, పాట కట్టినవాళ్ళ దగ్గర ఒకటి. ఇరవై ముక్కల పాటలో ఒక్కరు కాదన్నా ఆ ముక్క పీకెయ్యాలి, లేదా పాట ఆపుకోవాలి. డి లా సోల్ బృందం 1989 ఆల్బమ్ ఈ చిక్కుల్లో పడి 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌కే రాలేదు. కాబట్టి బీట్ కట్టేవాళ్ళు కీబోర్డ్ వైపు మళ్ళారు. చేతకాక మళ్ళలేదురా, ఖర్చు భరించలేక మళ్ళారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

రెండోది మూడో వర్స్. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే ఒక ప్లే కింద లెక్క. పాట రెండు నిమిషాలున్నా అయిదున్నా లెక్క ఒకటే. అందుకే హుక్ (పల్లవి) ముందుకొచ్చింది, చాలా పాటల్లో మూడో వర్స్ ఎగిరిపోయింది, ఆల్బమ్‌లు మాత్రం 24, 25 పాటలకి ఉబ్బాయి. కథ చెప్పే ర్యాపర్‌కి మలుపు తిప్పే చోటు ఆ మూడో వర్సే. అది పోవడం నష్టమే, ఇందులో నీ మాటకి ఎదురు చెప్పను.

ఈ ఆదివారం రెండు వర్సులు గీసి, ఫోటో తీసి పంపు. ఒకటి 1995కి ముందుది, ఒకటి 2015 తర్వాతది. పాతదాన్ని నీకు నచ్చినట్టు ఎంచుకో, కొత్తదాన్ని కూడా అంతే ప్రేమగా వెతికి ఎంచుకో.

మీ అమ్మ