స్పెయిన్ టూర్‌లో మార్పులు: ఏ ఊళ్ళో రాత్రి ఉంటాం, ఏ ఊరికి పోయి వస్తాం

వచ్చే సీజన్‌కి స్పెయిన్ టూర్ బుక్ చేసుకున్నవాళ్ళకీ, చేసుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ళకీ ఇది రాస్తున్నాను. ప్లాన్ మారింది. రేటు కూడా కొంత పెరిగింది. డబ్బు కట్టేది మీరు కాబట్టి ఎందుకో వివరంగా చెప్పాలి.

ఇన్నాళ్ళూ మాడ్రిడ్‌లో ఒకే హోటల్లో దించి, టొలేడో, సెగోవియా, ఆవిలా అక్కడినుంచే తిప్పి తెచ్చేవాళ్ళం. దక్షిణాన కోర్డోబాని కూడా సెవిల్ నుంచి అలాగే చూపించేవాళ్ళం. అలా అయితే రోజూ పెట్టెలు సర్దే పని మీకు ఉండదు. ఒకేచోట వరసగా రాత్రులు తీసుకుంటే హోటల్ వాళ్ళు మాకు రేటు తగ్గిస్తారు. లెక్క చూస్తే మాకు మిగులు ఎక్కువ ఉండేది ఆ పద్ధతిలోనే. ఇకనుంచి టొలేడోలో ఒక రాత్రి, కోర్డోబాలో ఒక రాత్రి ఉంటాం. సెగోవియా, ఆవిలా మాత్రం ఎప్పటిలాగే పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం.

"టొలేడో మాడ్రిడ్‌కి డెబ్బై కిలోమీటర్లేగా, రైలెక్కితే అరగంట. అక్కడ రాత్రి దేనికండీ, దండగ!" అని అప్పుడే ఫోన్లు వస్తున్నాయి. అంత దగ్గర కాబట్టే ఈ తిప్పలు. మాడ్రిడ్‌లో దిగిన ప్రతి గుంపూ టిఫిన్ చేసి, పదకొండు గంటలకల్లా టొలేడోలో ఉంటుంది. జొకొదొవేర్ కూడలి నుంచి కెథెడ్రల్ దాకా ఉన్న సందుల్లో మధ్యాహ్నం నడవడమంటే రంజాన్ నెలలో లాడ్ బజార్లో నడిచినట్టే. సాంతో తొమే చర్చిలో ఎల్ గ్రెకో 1586లో మొదలుపెట్టి గీసిన 'ఓర్గాస్ ప్రభువు అంత్యక్రియలు' ఉంది. కింద భూమ్మీద శవాన్ని దింపుతుంటారు, పైన స్వర్గం తెరుచుకుంటుంది. తీరిగ్గా చూడాల్సిన బొమ్మ. నాలుగు గైడు జెండాల మధ్య నుంచి తొంగి చూస్తే ఏం కనిపిస్తుంది?

సాయంత్రం దాకా ఆగుదామంటే బస్సు సమస్య. యూరప్ రూల్స్ ప్రకారం డ్రైవర్‌కి రోజుకి మామూలుగా పదకొండు గంటల విశ్రాంతి ఇవ్వాలి. కొన్ని రోజులు దాన్ని తొమ్మిదికి తగ్గించుకోవచ్చుగానీ, బస్సు కంపెనీలు దానికి తేలిగ్గా ఒప్పుకోవు. పొద్దున ఎనిమిదికి బండి తీస్తే రాత్రి తొమ్మిదికి తాళాలు జేబులో పెట్టుకోవాల్సిందే. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేది తొమ్మిదీ ముప్పావుకి. టొలేడోని మూడు వైపులా చుట్టి తాహో నది ఉంది. దాని అవతలి గట్టు మీద వ్యూపాయింట్ నుంచి కోట, కెథెడ్రల్ శిఖరం, దీపాలు వెలుగుతున్న ఊరు మొత్తం ఒకేసారి కనిపిస్తాయి. రాత్రికి ఊళ్ళో ఉంటే తప్ప మన గుంపుకి ఆ దృశ్యం దక్కదు. పొద్దున తొమ్మిదింటికి, బస్సులు రాకముందు, ఆ సందులు మనవే.

ఇబ్బందులూ ఉన్నాయి. పాత ఊరు కొండ మీద ఉంది. పెద్ద బస్సులు కిందే ఆగుతాయి. పైకి ఎస్కలేటర్లు ఉన్నాయిగానీ, అవి దిగాక రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాల దారి. ఆ రాళ్ళ మీద సూట్‌కేసు చక్రాలు ఎక్కువకాలం బతకవు. టొలేడో నుంచి మళ్ళీ మాడ్రిడ్‌కే వస్తాం కాబట్టి పెద్ద పెట్టెలు మాడ్రిడ్ హోటల్ లగేజ్ రూమ్‌లో ఉంచేద్దాం. ఒక జత బట్టలు, మందులు భుజానికి తగిలించుకునే బ్యాగులో పెట్టుకోండి, చాలు.

కోర్డోబా సంగతి వేరు. అక్కడ కారణం ఎండ. సెవిల్ నుంచి ఫాస్ట్ రైల్లో ముప్పావు గంట ప్రయాణమే. కానీ పోయి వచ్చేవాళ్ళు ఊళ్ళో తిరిగేది సరిగ్గా నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు. జులై, ఆగస్టుల్లో నలభై డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. మన విజయవాడ వాళ్ళకి ఎండ కొత్త కాదనుకోండి, అయినా డబ్బు పెట్టి అంతదూరం వెళ్ళి మళ్ళీ ఎండలో ఎందుకు? పైగా రెండు దాటితే చిన్న షాపులన్నీ మూసేసి ఐదింటికి గానీ తీయరు. ఆ ఊరివాళ్ళలాగే పొద్దున తిరిగి, మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం రోమన్ వంతెన మీద షికారు చేద్దాం. ఎనిమిది వందలు దాటిన స్తంభాలు, ఎరుపు తెలుపు చారల కమానులు, వాటి నడుమ పదహారో శతాబ్దంలో లేచిన చర్చి ఉన్న మెస్కీతాని, అంటే ఒకప్పటి పెద్ద మసీదుని, జనం లేని వేళ చూడాలి. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా టికెట్ లేకుండా వదులుతారు. ఆ టైంలో గైడుతో గుంపుగా వెళ్ళడానికి లేదు. ఎవరికివారు వెళ్ళి రావచ్చు. నన్నడిగితే గైడు లేకపోవడమే మేలు.

సెగోవియాలో రాత్రి ఉండకపోయినా పెద్దగా పోయేదేం లేదు. ఇరవై ఎనిమిది మీటర్ల ఎత్తున, సున్నం చుక్క లేకుండా రోమన్లు పేర్చిన నీటి వంతెన మిట్టమధ్యాహ్నం కూడా అంతే గొప్పగా ఉంటుంది. అది, కెథెడ్రల్, ఆల్కాజర్ కోట ఒక్క రోజులో హాయిగా అవుతాయి. పైగా ఊరి పేరంతా పందిపిల్ల రోస్ట్ మీద ఉంది. శాకాహారులకి రాత్రి భోజనం వెతకడం నాకు టెన్షన్. ఆవిలాకి అరపూట చాలు. రెండున్నర కిలోమీటర్ల కోటగోడ బయటినుంచే బాగుంటుంది. సముద్రమట్టానికి పదకొండు వందల మీటర్ల పైన ఉన్న ఊరు, మే నెలలోనూ స్వెటర్ ఉంచుకోండి.

సలమాంకా ఎందుకు లేదని కొందరు అడిగారు. రాత్రి ఉండకుండా ఆ ఊరికి వెళ్ళడం నాకిష్టం లేదు. మాడ్రిడ్ నుంచి రెండొందల పైచిలుకు కిలోమీటర్లు, పోనూ రానూ రోడ్డు మీదే ఐదు గంటలు. ఆ ఊరి అందమంతా దీపాలు పెట్టాక ప్లాసా మయోర్ అనే పెద్ద కూడలిలో కూర్చుంటేనే. ఈ ప్లాన్‌లో మూడో రాత్రి ఇరికించలేను.

భోజనం గురించి కూడా చెప్పాలి. ఈ ఊళ్ళలో వంటింట్లో రాత్రి పొయ్యి వెలిగేది ఎనిమిదిన్నర, తొమ్మిదికి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఏడింటికి తినడానికి ఏదైనా దగ్గర ఉంచుకోండి. శాకాహారులకి టొలేడోలో పిస్తో అనే కూరగాయల కూర దొరుకుతుంది, పైన గుడ్డు వేయొద్దని చెప్పాలి. కోర్డోబాలో టమాటాతో చేసే చల్లని సల్మొరేహో అనే చిక్కటి సూప్ మీద గుడ్డు, పంది మాంసం తురుము చల్లుతారు, అవి వద్దనాలి. వంకాయ వేపుడు మీద చెరకు పాకం పోసి ఇస్తారు, అది మాత్రం వదలొద్దు.

హోటళ్ళు పెరిగాయి కాబట్టి కాగితాలూ పెరిగాయి. అక్కడ హోటల్లో దిగే ప్రతి ఒక్కరి వివరాలూ ప్రభుత్వానికి పంపాలి. 2024 డిసెంబర్ నుంచి అడిగే వివరాలు ఇంకా ఎక్కువయ్యాయి. పాస్‌పోర్ట్ కాపీ, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ముందే పంపితే కౌంటర్ దగ్గర నిలబడక్కర్లేదు. వీసా ఫైల్‌లో పెట్టే హోటల్ బుకింగులు కొత్త ప్లాన్ ప్రకారమే ఇస్తాం.

పెరిగిన ఖర్చులో సగం మేం భరిస్తున్నాం, మిగతా సగమే మీ రేటులో కలిపాం. ఇప్పటికే పూర్తిగా కట్టేసినవాళ్ళ దగ్గర ఏమీ అదనంగా తీసుకోం. టొలేడోలో రాత్రి వద్దనుకునేవాళ్ళు సాయంత్రం రైల్లో మాడ్రిడ్ వెళ్ళిపోవచ్చు, మా మనిషి ఒకరు తోడు వస్తారు. కాకపోతే గదులు ఖాయం చేయకముందే చెప్పాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మీతో వస్తుంటే అదీ ఇప్పుడే చెప్పండి. పాత ఊళ్ళలో హోటళ్ళు పాత ఇళ్ళలోనే ఉంటాయి, అన్నిటికీ లిఫ్ట్ ఉండదు. కింది అంతస్తు గదులు కొన్నే దొరుకుతాయి, ముందు అడిగినవాళ్ళకే ఇస్తాం.