రాయి సంగతి, ఇంకో సంగతి

వేంపల్లె

చి. శివకు నాయన ఆశీస్సులు.

ఉభయకుశలోపరి. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. అక్కావాళ్లు దసరాకు వస్తామన్నారు, బుడ్డోడికి పళ్లొస్తున్నాయంట. వానలు ఈ ఏడు పర్వాలేదు, పాపఘ్నిలో నీళ్లు పారుతున్నాయి.

రాయిని చెక్క పలకకు ఎట్ల బిగించాలని ఫొటో పెట్టి అడిగినావు. ఫోన్ చెయ్యి, వివరంగా చెప్తా అంటే ఇంతవరకు చెయ్యలేదు. మేం చేస్తే ఎత్తవు. పనిలో ఉంటాడులే అని మీ అమ్మకు చెప్తున్నా. అందుకే కాగితం మీద రాస్తున్నా, జాగ్రత్తగా పెట్టుకో.

ఫొటోలో రాయి చూసి సంతోషమైంది. ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఎంత బాగుంది! 180 కోట్ల ఏళ్లకు పైగా వయసున్న రాయని, కంటికి కనపడని జీవులు నీళ్లలో పొర మీద పొర కట్టినాయని, ఆ రాతి వరసకు మన ఊరి పేరే పెట్టారని నువ్వు చెప్తే, మీ జేజి మూడు వీధులు తిరిగి చెప్పొచ్చింది. తుమ్మలపల్లెలో యురేనియం దొరికేదీ ఈ వేంపల్లె రాతిలోనే అన్నావు. ఇది ఆ గనుల పక్క రాయి కాదు కదా? ధన్‌బాద్‌లో మీ ల్యాబులో రేడియేషన్ కొలిచే మిషన్ ఉంటే ఒకసారి పెట్టి చూడు. రాయి పట్టుకున్నాక చేతులు కడుక్కో.

24 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు, 5 మందం అన్నావు. డోలమైటు గనక ఆరు కిలోలు తూగుతుంది. అంత బరువును జిగురు ఒక్కదాని మీద వదలొద్దు. ఫెవికాల్ అసలు పనికిరాదు, అది చెక్కకూ చెక్కకూ. ఆరల్డైట్ గట్టిదే, అయినా దానికి వేరే పని ఉంది, చెప్తా.

గంగన్న కొడుకు రాంచీ నుంచి వచ్చినాడు. అంగడి దగ్గర కలిస్తే నీ గురించి అడిగినా. మీ పీహెచ్‌డీ గైడుగారు రిటైర్ అవుతున్నారంట కదా. ఆయనకు ఇవ్వడానికే ఈ రాయి అని నువ్వు చెప్పనే లేదు. ఇంకేదో కూడా అన్నాడు. సరే, చెక్క సంగతి చూద్దాం.

చెక్క నార పొడవునా కదలదు, అడ్డంగా కదులుతుంది. వానల్లో తేమ తాగి ఉబ్బుతుంది, ఎండల్లో కుదించుకుంటుంది. రాయి ఉన్నట్టే ఉంటుంది. రెండింటినీ వెనకంతా జిగురు పూసి అతికిస్తే ఏదో ఒకటి ఊడాల్సిందే. పక్క ఊరి బడిలో దాతల పేర్ల రాయి పడిన కథ నీకు తెలియదు, నువ్వప్పుడు చిన్నోడివి. గ్రానైటు పలక, పదిహేను కిలోలు ఉంటుంది. కాంట్రాక్టరు మనిషి వానాకాలంలో పచ్చి టేకు చెక్క తెచ్చి, రాయి వెనకంతా జిగురు పూసి, గోడకు ఎత్తి పెట్టిపోయినాడు. ఎమ్మెల్యే వచ్చి పూలదండ వేసినాడు, అందరికీ మైసూర్‌పాక్ పంచారు. వైశాఖంలో ఒక రాత్రి దభీమని పడింది. కింద బెంచీ రెండు ముక్కలు. సెలవులు కాబట్టి పిల్లలు లేరు, ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. అటెండరు కోతులు తోసినాయంటాడు, హెడ్మాస్టరు ఎవరో పగబట్టి చేశారంటాడు. నన్నూ ఖాజా మేస్త్రినీ పిలిపించారు. రాయి తిప్పి చూస్తే దాని వెనక టేకు నార పల్చటి పొరగా అంటుకునే ఉంది. జిగురు ఊడలేదు, చెక్కే చీలిపోయింది. ఖాజాకు చూపిస్తే వేలితో గీరి చూసి, "దీనికి మేకులు కావాలన్నా, ముద్దు కాదు" అన్నాడు. ఇద్దరం రాడ్లు వేసి బిగించినాం. ఇప్పటికీ కదల్లేదు.

నువ్వూ అట్లనే చెయ్యి. రాయి వెనక రెండు రంధ్రాలు, పది మిల్లీమీటర్లవి, రెండున్నర సెంటీమీటర్ల లోతు. డ్రిల్లులో హ్యామర్ ఆపెయ్, లేకపోతే పొర వెంట రాయి చీలుతుంది. డైమండ్ బిట్టు పెట్టి, నీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తూ నిదానంగా దించు. కళ్లజోడు పెట్టుకో. ప్లగ్గు తడవకుండా చూసుకో. తర్వాత బ్రష్షుతో కడిగి, దుమ్ము లేకుండా ఊదు, బాగా ఆరనివ్వు. మీరు రాళ్ల మీద బొట్టు వేసి చూసే యాసిడ్‌తో మాత్రం శుభ్రం చెయ్యొద్దు. ఎనిమిది మిల్లీమీటర్ల, మరలు (థ్రెడ్లు) ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డు ముక్కలు ఆ రంధ్రాల్లో ఆరల్డైట్ నింపి తిప్పుతూ దించు. రెండు ట్యూబులూ సమపాళ్లు. ఒక రోజు ముట్టుకోవద్దు.

చెక్కలో ఒక రంధ్రం రాడ్డు లావుకు సరిగ్గా ఉండాలి. రెండోది నారకు అడ్డంగా కొంచెం పొడుగ్గా ఉలితో చెక్కు, చెక్క కదిలినా రాడ్డును లాగదు. వెనక వెడల్పు వాషరు, నట్టు. మరీ బిగించొద్దు. రాయి కింద రెండు ఇత్తడి ఎల్ ముక్కలు స్క్రూలతో పెడితే బరువు వాటి మీద కూర్చుంటుంది. రాడ్లు రాయి ముందుకు వాలకుండా పట్టుకుంటాయి, అంతే.

గంగన్న కొడుకు అన్న మాట మీ అమ్మకు చెప్పలేదు. గైడు పోతున్నారు గనక నువ్వు పీహెచ్‌డీ వదిలేస్తావని, గది ఖాళీ చేస్తున్నావని అన్నాడు. నిజమైతే మాకు చెప్పొద్దా? ఇన్నేళ్లు గుట్టలెక్కి, ఎండలో మాడి సంపాదించిన చదువు. ఒకరు రిటైరైతే ఇంకొకరికి అప్పగించే పద్ధతి ఏదో ఉంటుంది కదా, ఆఫీసులో అడిగినావా? గైడుగారినే అడిగినావా? నువ్వు అడగవు. చిన్నప్పటి నుంచీ అంతే, జ్వరమొచ్చినా నోరు విప్పేవాడివి కాదు. నిన్ను తిట్టాలని కూర్చోలేదు, చెయ్యి రాస్తూ పోతోంది. వదలాలనే గట్టిగా అనుకుంటే, అది కూడా నీ నోటితోనే విందాం. ఫెలోషిప్ డబ్బులు పడుతున్నాయా? మెస్సులో తింటున్నావా, టీ, బిస్కెట్లతో సరిపెడుతున్నావా? ఫొటోలో రాయి పట్టుకున్న చెయ్యి చూసి మీ అమ్మ మణికట్టు సన్నబడిందంది.

అక్కడ కొన్న చెక్క పచ్చిదైతే వాడొద్దు. అటక మీద తాత కోయించిన టేకు పలక ఉంది, అంతా చేవ, ఎన్నో ఎండలు చూసింది. పలక ఎంత పొడవు, వెడల్పు కావాలో ఆదివారం లోపల ఫోన్ చేసి చెప్పు. కోసి, చిత్రిక పట్టి ఉంచుతా. ఫోన్ రాకపోతే ఆ పలక తీసుకుని సోమవారం విజయవాడ పోయి ధన్‌బాద్ బండి ఎక్కుతా. స్టేషన్‌కు నువ్వు రావాలి, నాకు హిందీ రాదు.

ఇట్లు
నాయన