కరాటే క్రీడాకారిణి సహాయ నిధి, కావలి: జమా ఖర్చుల వివరణ

దాతలకు కమిటీ నమస్కారాలు. 55 కిలోల లోపు విభాగంలో జాతీయ పోటీలకు ఎంపికైన మన ఊరి అమ్మాయి కోసం జూన్ మొదలు సెప్టెంబరు నెలాఖరు వరకు వసూలైన మొత్తం రూ. 1,18,400. ఇందులో ట్రంకు రోడ్డు వర్తకులు ఇచ్చినది రూ. 46,500, రొయ్యల చెరువుల రైతులు ఇచ్చినది రూ. 38,000, ఆమె చదివిన కళాశాల పూర్వ విద్యార్థులు పంపినది రూ. 24,900 కాగా, మిగిలిన రూ. 9,000 ఇంటింటా వందా రెండు వందల చొప్పున రశీదు రాసి తీసుకున్నది. జువ్వలదిన్నె నుండి ఒక మత్స్యకార కుటుంబం వారం వారం పంపిన చేపలకు మేము వెల కట్టలేదు గాని, ఆ సాయాన్ని ఇక్కడ రాసి ఉంచడం మా ధర్మం.

ఖర్చులలో పెద్ద పద్దు రక్షణ సామగ్రిది, రూ. 31,600. ఇంత ఎందుకయిందని కొందరు దాతలు అడిగారు కనుక వివరిస్తున్నాము. కుమితే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే పోటీలో ఒకరిది ఎరుపు, ఎదుటివారిది నీలం. ఏ బౌట్‌లో ఏ రంగు వస్తుందో డ్రాను బట్టి ఉంటుంది కాబట్టి, బెల్టు, గ్లవ్స్, షిన్ గార్డులు, పాదాల ప్యాడ్లు రెండు రంగుల్లోనూ ఉండి తీరాలి. వీటికి తోడు మౌత్ గార్డు, బాడీ ప్రొటెక్టరు, మహిళలకు వేరుగా ఛాతీ రక్షణ కవచం కావాలి. ఇంతకాలం ఆమె తోటివారి దగ్గర అరువు తెచ్చుకున్న, సైజు సరిపోని గ్లవ్స్‌తోనే ఆడింది. ఆ అవసరం ఇక రాకూడదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

పాలు, గుడ్లు, పండ్లకు రూ. 24,000, ఢిల్లీలో బస, భోజనాలకు రూ. 18,450, నెల్లూరు నుండి రానుపోను ముగ్గురి రైలు టికెట్లకు రూ. 13,200, ప్రవేశ రుసుము, బీమాకు రూ. 8,500, మోకాలి వైద్యానికి రూ. 5,700, రశీదు పుస్తకాలకు రూ. 1,150 అయ్యాయి. మూడవ టికెట్టు తల్లిగారిది. ఆడపిల్లను అంత దూరం పంపేటప్పుడు అది అనవసర ఖర్చు కాదని మా అభిప్రాయం. సామగ్రితో కలిపి మొత్తం ఖర్చు రూ. 1,02,600.

క్వార్టర్ ఫైనల్‌లో ఆమె ఓడినా, ఓడించిన అమ్మాయి ఫైనల్‌కు చేరడంతో, ఫైనల్ చేరినవారి చేతిలో ఓడినవారిని కాంస్యం కోసం మళ్లీ ఆడనిచ్చే రెపిచేజ్‌లో అవకాశం వచ్చి, కాంస్య పతకం గెలిచింది. టోక్యో ఒలింపిక్స్‌లో ఉన్న కరాటేను 2024 పారిస్‌లో తీసివేశారు. అయితే ఆసియా క్రీడల్లో 1994 నుండి ఉంది, ఆమె గురి దాని మీదే.

నిల్వ రూ. 15,800 బ్యాంకు ఖాతాలో ఉంది. దీనిని మోకాలి ఫిజియోథెరపీకి, వచ్చే రాష్ట్ర ఎంపిక పోటీల రుసుముకు వాడదలచాము. బిల్లులు, పాస్‌బుక్కు కోశాధికారి వద్ద ప్రతి ఆదివారం సాయంత్రం చూడవచ్చు. అభ్యంతరం ఉన్నవారు ఈ నెల 15 లోపు రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.