ఎనిమిది పండగల ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక (2023 నవంబర్ – 2024 అక్టోబర్)

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పాసైంది. ఉగాది, సంక్రాంతి, బతుకమ్మలతో పాటు మనముంటున్న ఇంగ్లండ్‌లో పేగన్లు (క్రైస్తవానికి ముందున్న ప్రకృతి దేవతలను కొలిచేవాళ్లు) జరుపుకునే ఎనిమిది రుతు పండగలను కూడా ఒక్క ఏడాది చేసి చూద్దామని. తొమ్మిది కుటుంబాలు సరే అన్నాయి, నాలుగు వద్దన్నాయి, ఒకరు "భోజనాలు ఉంటే మాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ప్రతిపాదన పెట్టింది నేనే, కార్యదర్శిగా ఈ నివేదిక రాస్తున్నదీ నేనే. కాబట్టి కొంత పక్షపాతం ఉంటుంది, సర్దుకుపోండి.

ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయిన కారణం ఇక్కడ రాస్తాను. బ్రిస్టల్‌కి వచ్చి పదకొండేళ్లయింది. ప్రతి ఉగాదికీ వేపపువ్వు ప్యాకెట్లో ఎండిపోయి వస్తుంది, మామిడికాయ విమానమెక్కి వస్తుంది. అవే రోజుల్లో మా వీధి చివర ముళ్ల పొదలు ఆకు కనబడకుండా తెల్లగా విరగబూస్తాయి. వాటిని బ్లాక్‌థార్న్ అంటారని తెలియడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. డిసెంబర్ చివర్లో ఇక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా నిండదు. అదే రోజు హైదరాబాద్‌లో పదకొండు గంటలు ఉంటుంది. జూన్‌లో ఇక్కడ పదహారున్నర, అక్కడ పదమూడు. మన పంచాంగం ఆ ఊరి ఎండా వానా చూసి పుట్టింది. ఈ ఊరి చీకటిని చూసి పుట్టిన పండగలు కూడా ఉండాలి కదా అని వెతుక్కుంటూ వెళితే విక్కా అనే ఆధునిక పేగన్ మతం దారిలో పడ్డాను. ఐదేళ్లుగా నన్ను నేను విచ్ అనే చెప్పుకుంటున్నాను.

ఈ మాట దగ్గరే మన సమావేశంలో గొడవైంది. "మంత్రగత్తె అని చెప్పుకుంటావా, ఇంటి దగ్గర తెలిస్తే ఏమవుతుంది" అని ఒక పెద్దావిడ అడిగారు. ఆవిడ భయం ఉత్తిది కాదు. చిల్లంగి పెట్టిందని, బాణామతి చేస్తోందని ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయి. పక్కనున్న ఒడిశా 2013లో దీని మీద ప్రత్యేక చట్టమే తెచ్చుకుంది. ఇక్కడి చరిత్ర కూడా అంతకన్నా శుభ్రంగా ఏమీ లేదు. మనకు రెండు గంటల దూరంలో ఉన్న బైడ్‌ఫర్డ్ ఊరి ఆడవాళ్లు ముగ్గురిని 1682లో ఎక్సెటర్‌లో ఉరి తీశారు. టెంపరెన్స్ లాయిడ్, సుసానా ఎడ్వర్డ్స్, మేరీ ట్రెంబుల్స్. ముగ్గురూ పేదవాళ్లే. కాబట్టి సంఘం కాగితాల్లో నేను "మంత్రగత్తె" అని రాయను, "విచ్" అనే రాస్తాను. మన భాషలో ఆ మాటకి ఇంకా నెత్తురు అంటుకునే ఉంది. ఇక్కడైతే దాన్ని కొందరు కడిగి వాడుకుంటున్నారు.

ఆ కడిగినవాళ్లలో మొదటి పేరు జెరాల్డ్ గార్డ్నర్‌ది. సిలోన్ టీ తోటల్లో, తర్వాత మలయా కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఇంగ్లండ్‌లో పాత విచ్‌క్రాఫ్ట్ చట్టం 1951లో రద్దయింది, 1954లో ఆయన పుస్తకం వచ్చింది. పూజా పాఠాల్లో చాలావాటికి అందమైన భాష ఇచ్చింది మాత్రం ఆయన బృందంలోని డోరీన్ వాలియంటె. నా ఓటు ఆవిడకే. ఎనిమిది పండగల చక్రం ఇప్పటి రూపానికి వచ్చింది కూడా 1950ల్లోనే, అది గార్డ్నర్, ఆయన మిత్రుడైన డ్రూయిడ్ (పాత కెల్టిక్ పూజారుల పేరు పెట్టుకున్న పేగన్ శాఖవాడు) రాస్ నికొల్స్‌ల కాలం. లీథా, మేబన్ లాంటి పేర్లయితే 1970ల్లో అమెరికాలో ఏడన్ కెల్లీ పెట్టినవి. ఇదంతా బ్రిస్టల్ యూనివర్సిటీ చరిత్రకారుడు రొనాల్డ్ హట్టన్ ఎప్పుడో తేల్చి చెప్పారు. "అంటే డెబ్బై ఏళ్ల పండగలకా ఇంత హడావిడి" అని మన కోశాధికారి గారు అన్నారు. వీధిలో పందిరి వేసి వినాయకుణ్ణి నిలబెట్టడం తిలక్ 1893లో ఊపు తెచ్చిన పద్ధతే. దానికి చందా వసూలు చేసేది కోశాధికారి గారే.

ఇక జరిగిన పనులు.

శీతాకాలపు అయనం నాటి పండగ యూల్‌తో మొదలుపెట్టాం. 2023 డిసెంబర్ 22 పొద్దున ఏడుగురం రెండు కార్లలో స్టోన్‌హెంజ్ అనే వేల ఏళ్ల నాటి రాతి వలయానికి వెళ్లాం. ఏడాదిలో నాలుగు రోజులు, అంటే రెండు అయనాలకూ (పగలు అతి పొడవు, అతి పొట్టి అయ్యే రోజులు) రెండు విషువత్తులకూ (పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు) అక్కడ రాళ్ల మధ్యకు ఉచితంగా వెళ్లనిస్తారు, పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. సూర్యోదయం ఎనిమిది దాటాక. మబ్బు. సూర్యుడు కనబడలేదు. అయినా డ్రమ్ములు కొట్టేవాళ్లు కొట్టారు, తెల్ల బట్టల డ్రూయిడ్లు దండం పెట్టుకున్నారు, మా పిల్లలు చలికి ఏడ్చారు. తిరిగొస్తుంటే వెనక సీటులోంచి మన పెద్దావిడ (మాట గురించి అడిగిన ఆవిడే) అన్న మాట నన్ను పట్టుకుంది: "ఇదే కదే అసలు ఉత్తరాయణం మొదలయ్యేది." నిజమే. ఒకప్పుడు మకర సంక్రాంతి, ఉత్తరాయణం ఒక్కసారే వచ్చేవి. అయనచలనం వల్ల, అంటే భూమి అక్షం దిశ మెల్లగా మారడం వల్ల, ఇప్పుడు సంక్రాంతి మూడు వారాలకు పైగా వెనకబడింది. పండగ మనది, రోజు వాళ్లది అయిపోయింది.

జనవరి 14 భోగి. ఒక సభ్యుడి అలాట్‌మెంట్‌లో, అంటే కౌన్సిల్ అద్దెకిచ్చే కూరగాయల మడిలో మంట వేశాం. ఒకరు పాత సోఫా తెచ్చారు. వెనక్కి పంపించాం. ఫోమ్ కాలితే వచ్చే పొగ విషం, పైగా ఇలాంటివి ఇక్కడ కాల్చనివ్వరు. ఆయన ఇంకా అలిగే ఉన్నారు.

మూడు రోజుల తర్వాత 17న సోమర్‌సెట్‌లో ఒక ఆపిల్ తోటకి వెళ్లాం. వాసెయిల్ అంటారు. ఇది విక్కా వాళ్లు పెట్టింది కాదు, ఊళ్ల వాళ్ల పాత ఆచారం. సైడర్‌లో, అంటే పులిసిన ఆపిల్ రసంలో ముంచిన రొట్టె ముక్కలు కొమ్మలకు తగిలిస్తారు, చెట్టు మొదట్లో సైడర్ పోస్తారు, గిన్నెలు వాయిస్తూ కేకలేస్తారు, తుపాకులు గాల్లోకి పేలుస్తారు, చెడు పారిపోయి చెట్టు బాగా కాయాలని. ఈ తేదీ వెనక ఒక తమాషా ఉంది. బ్రిటన్ 1752లో క్యాలెండర్ మార్చుకున్నప్పుడు పదకొండు రోజులు ఎగిరిపోయాయి. ఊళ్ల వాళ్లు మాత్రం పాత లెక్కే పట్టుకున్నారు. అలా క్రిస్మస్ చివరి రాత్రి జనవరి 17కి చేరింది. ఈ ఏడు అది సరిగ్గా మన ముక్కనుమ. మనం పశువుకు చేసే మర్యాద వీళ్లు చెట్టుకు చేస్తున్నారు. మన పిల్లలు వాయించిన స్టీలు పళ్లేల మోత విని తోటాయన మళ్లీ ఏడాది కూడా రమ్మన్నాడు. ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన సాయంత్రం ఇదే.

ఫిబ్రవరి మొదట్లో వచ్చే ఇంబోల్క్‌కి నలుగురమే కలిశాం. స్నోడ్రాప్ పూలు చూసి, బ్రిజిడ్ దేవత పేరున నారతో శిలువలు అల్లాం. ఐర్లండ్‌లో 2023 నుంచి దీనికి సెలవు కూడా ఇస్తున్నారు. మార్చి విషువత్తు పండగ ఒస్తారాకి అనుకున్న హాలు చివరి నిమిషంలో రద్దయింది. బుకింగ్ ఫారంలో "పేగన్ వేడుక" అని నేను నిజం రాశాను, వారం రోజుల ముందు ఫోన్ చేసి కుదరదన్నారు, అడ్వాన్సు తిరిగి రాలేదు. "తెలుగు సాంస్కృతిక కార్యక్రమం" అని రాసుంటే సరిపోయేదని నలుగురూ నన్నే తిట్టారు. మా ఇంట్లోనే గుడ్లకు రంగులు వేయించాం. ఒస్తారా గురించి పాత ఆధారం అడిగితే చూపించడానికి ఉన్నది ఒక్కటే, 725లో బీడ్ అనే సన్యాసి రాసిన ఒకటి రెండు వాక్యాలు. అందుకే ఆ రోజు ఉపన్యాసం పెట్టుకోలేదు.

వేసవి రాకను పలికే పండగ బెల్టేన్‌కి రెండు కుటుంబాలు ఎడిన్‌బరా దాకా రైల్లో వెళ్లాయి. కాల్టన్ కొండ మీద 1988 నుంచి దాదాపు ఏటా ఏప్రిల్ 30 రాత్రి జరిగే అగ్ని ఉత్సవం అది. ఒంటికి ఎర్ర రంగు పూసుకున్నవాళ్లు, మే రాణి, ఒంటినిండా ఆకులతో గ్రీన్ మ్యాన్, ఆగని డ్రమ్ములు. పూర్వం పశువులను మేతకు తోలే ముందు రెండు మంటల మధ్య నుంచి నడిపించేవాళ్లట. ఇది విని హిందూపురం నుంచి వచ్చిన సభ్యుడు ఎగిరి గంతేశాడు. సరిహద్దు దాటితే పాత మైసూరు పల్లెల్లో సంక్రాంతి సాయంత్రం ఎడ్లను మంట దాటిస్తారు, "కిచ్చు" అంటారు. ఒకదాని నుంచి ఒకటి వచ్చిందని నేను అనను. పొగకు గోమార్లు రాలిపోతాయని రెండు చోట్లా రైతు నమ్మి ఉంటాడు, అంతే.

వేసవి అయనపు పండగ లీథాకి జూన్ 21 తెల్లవారుజామున మళ్లీ స్టోన్‌హెంజ్. సూర్యోదయం ఐదు కాకముందే. రెండు రోజుల ముందే పర్యావరణ నిరసనకారులు కొన్ని రాళ్ల మీద నారింజ రంగు పొడి చల్లి ఉండటంతో అందరికీ టెన్షన్. మేం వెళ్లేసరికి రాళ్లు శుభ్రంగానే ఉన్నాయి. ఈసారి సూర్యుడు కనిపించాడు. ఎవరో ఒకాయన మన పెద్దావిడ పట్టుచీర చూసి ఆవిణ్ణి ఏదో శాఖ పీఠాధిపతి అనుకుని ఆశీర్వాదం అడిగాడు. ఆవిడ ఇచ్చేశారు. మెల్‌బోర్న్‌లో ఉన్న వాళ్ల అబ్బాయికి ఫోన్ చేస్తే అక్కడ అదే రోజు యూల్. దక్షిణార్ధగోళంలో చక్రం తిరగేసి నడుపుకుంటారు.

ఆగస్టు మొదట్లో వచ్చే కోతల పండగ లామాస్‌ని ఏవ్‌బరీ అనే ఊళ్లో చేశాం. ఊరినే చుట్టేసిన రాతి వలయం, మధ్యలో పబ్బు. ఇంట్లో కాల్చిన రొట్టె పంచుకున్నాం. అక్కడి బీచ్ చెట్ల వేళ్లకూ కొమ్మలకూ జనం మొక్కుకుని కట్టిన రిబ్బన్లు వందల్లో ఉన్నాయి. మన గుళ్లలో ముడుపులు కట్టినట్టే. కానీ నైలాన్ రిబ్బన్ కుళ్లదు, కొమ్మ పెరిగేకొద్దీ కోసుకుపోతుంది. మన సంఘం తరఫున ఎక్కడా ఏదీ కట్టకూడదని అక్కడే నిర్ణయించాం. ఇంకో నిర్ణయం కత్తి గురించి. విక్కాలో వలయం గీయడానికి అథామె అనే కత్తి వాడతారు. ఈ దేశంలో సరైన కారణం లేకుండా అలాంటి కత్తితో బయట తిరగడం నేరం. మతపరమైన కారణం చెప్పుకోవచ్చు గానీ పోలీసుకి గార్డ్నర్ కథంతా ఎవరు చెబుతారు? బయట చోట్ల మనం మా అమ్మ ఇచ్చిన చెక్క గరిటెతోనే నాలుగు దిక్కులూ పిలుస్తున్నాం. దిక్కులు బాగానే పలుకుతున్నాయి.

సెప్టెంబర్ 22న విషువత్తు పండగ మేబన్‌కి ఆపిల్ పళ్లు కోసుకొచ్చాం. పది రోజుల తర్వాత అక్టోబర్ 2 పెత్తర అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ. ఏటా తంగేడు లేదు, గునుగు లేదు అని దిగాలుపడి ప్లాస్టిక్ పూలు కలిపేవాళ్లం. ఈ ఏడు ప్లాస్టిక్ వద్దన్నాం. డేలియాలు, చామంతులు, రోడ్డు పక్కన ఊదారంగులో పూసే మైకల్మస్ డెయిజీలు కోసి పేర్చాం. కరీంనగర్ నుంచి వచ్చిన ఇద్దరు అక్కలు మొదట మొహం ముడుచుకున్నారు. పేర్చడం అయ్యాక ఫొటోలు ఊరికి పంపించిందీ వాళ్లే. ఈ ఏడాది మొత్తంలో నేను కోరుకున్నది ఏదైనా జరిగిందంటే అది ఆ సాయంత్రమే జరిగింది.

లెక్కలు: పాత నిల్వ 96 పౌండ్లు, 14 కుటుంబాల చందా ఒక్కొక్కరు 20 చొప్పున 280, మొత్తం 376. ఖర్చులు హాళ్లకు 110, కట్టెలకు 38, పార్కింగ్‌కీ పెట్రోలుకీ 62, పూలూ పళ్లూ 47, తిరిగిరాని అడ్వాన్సు 40, మొత్తం 297. నిల్వ 79. ఎడిన్‌బరా ఖర్చు వెళ్లినవాళ్లదే. వద్దన్న నాలుగు కుటుంబాల్లో ఒకటి సంఘం వదిలి వెళ్లింది. ఇంటికి వెళ్లి మాట్లాడాను, వాళ్లు మర్యాదగానే కాఫీ ఇచ్చారు, నిర్ణయం మార్చుకోలేదు.

చివరిది సావిన్. అక్టోబర్ 31, విచ్‌లకు కొత్త ఏడాది, చనిపోయినవాళ్లు గుమ్మం దాకా వస్తారనే రాత్రి. ఈ ఏడాది అదే రోజు మన దీపావళి. గుమ్మడికాయ రాకముందు ఐర్లండ్‌లో టర్నిప్‌లనే తొలిచి దీపాలు పెట్టేవాళ్లు కదా అని మేమూ ప్రయత్నించాం. టర్నిప్ రాయి లాంటిది, రెండు చెంచాలు వంగిపోయాయి. చీకటి పడ్డాక పెరట్లో పిల్లల చేత గోగు పుల్లలకు బదులు హేజల్ పుల్లలకు గుడ్డ చుట్టి వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి" అనిపించాం. ఆ దివిటీలు ఎందుకో పిల్లలెవరికీ తెలియదు. పెద్దావిడే చెప్పారు: అది ఉల్కాదానం, వచ్చి వెళ్లే పితృదేవతలకు దారి చూపించడం. తర్వాత మౌనంగా భోజనం. బల్ల చివర ఒక ఖాళీ కుర్చీ, ముందు విస్తరి, అందులో ఎవరికి తోచింది వాళ్లు వడ్డించారు. పులిహోర, గారెలు, ఒకరు వాళ్ల నాన్నగారి కోసం మారీ బిస్కెట్లు రెండు. మూడు వారాల క్రితం అమ్మ పోయినా వెళ్లడానికి వీసా కాగితాలు కుదరని సభ్యురాలు ఆ విస్తరి పక్కనే కూర్చుంది. ఎవరూ లేవలేదు, పదకొండు దాకా.

ఈ ఎనిమిదీ కొనసాగించాలా వద్దా అనేది రాబోయే సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. ఫలితం ఎలా ఉన్నా డిసెంబర్ 21 శనివారం పొద్దున స్టోన్‌హెంజ్‌కి కారులో మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఐదున్నరకు బయల్దేరతాం. రెండు స్వెట్టర్లు వేసుకోండి, ఫ్లాస్కు ఎవరిది వాళ్లు తెచ్చుకోండి.

మీ కార్యదర్శి